మన పేరు, మన ఓటు

(ఆలంపూర్‌లో జరిగిన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో మామూలుగా స్కాలర్‌షిప్పుల గురించి, ఖబరస్తాన్ ప్రహరీగోడ గురించి, బీదపిల్లల పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యవర్గంవారు నన్ను ఎన్నికల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. "ఎవరికి వేయాలో చెప్పొద్దు, ఓటంటే ఏమిటో చెప్పండి చాలు" అని షరతు కూడా పెట్టారు. ఆ షరతు నాకు బాగా నచ్చింది. కాబట్టి ఈ ప్రసంగంలో ఏ పార్టీకీ పొగడ్త ఉండదు, ఏ పార్టీకీ తిట్టు ఉండదు.

మన ఊళ్ళో ఎన్నికల మాట వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినబడుతుంటాయి. ఒకటి: "ఇది రిజర్వుడు సీటు గదా, మనకేం పని?" రెండవది: "పెద్దలు ఎవరికి వేయమంటే వాళ్ళకు వేస్తాం, మనదేముంది?" ఈ రెండు మాటలూ సరైనవి కావని మనవి చేయడానికే వచ్చాను. వాటితోపాటు మూడవది ఒకటుంది. దాన్ని ఎవరూ నోటితో అనరు గాని, నష్టం దానివల్లనే ఎక్కువ. అదేమిటంటే, ఓటర్ల జాబితాలో మన పేరు సరిగ్గా ఉందో లేదో పోలింగు రోజుదాకా చూసుకోకపోవడం.

ఓటు మన చేతికి ఎట్లా వచ్చింది?

మన తాతముత్తాతలకు ఓటు లేదు. నిజాంగారి రాజ్యంలో వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటు అనే మాటే లేదు. అవతల బ్రిటిష్ ఇండియాలో కొంతమందికి ఉండేది గాని, ఆస్తో చదువో పన్నో ఉన్నవారికే. అక్కడ 1909 చట్టంతో ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు పెట్టారు. అనగా ముస్లిం అభ్యర్థికి ముస్లిం ఓటర్లు మాత్రమే వేయాలి. పైకి చూస్తే అది మనకు మేలుగా కనబడుతుంది. కాని దాని ఫలితం ఏమిటి? మిగతా అభ్యర్థులకు మన గడప తొక్కే అవసరమే లేకుండా పోయింది. మన ఓటు వాళ్ళకు పనికిరానప్పుడు మన కష్టసుఖాలు వాళ్ళకెందుకు?

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత రాజ్యాంగం ఆ పద్ధతిని తీసివేసింది. 325వ అధికరణం ప్రకారం ఒక నియోజకవర్గానికి ఒకటే ఓటర్ల జాబితా. మతం, కులం, స్త్రీ పురుష భేదం కారణంగా ఎవరి పేరునూ అందులోనుంచి తప్పించరాదు. 326వ అధికరణం వయసొచ్చిన ప్రతి పౌరునికీ ఓటు ఇచ్చింది. అప్పుడు ఆ వయసు 21 సంవత్సరాలు. 61వ రాజ్యాంగ సవరణతో 1989 నుంచి 18 అయింది.

మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరులో మొదలై 1952 ఫిబ్రవరి దాకా సాగాయి. ఓటర్లు సుమారు 17 కోట్ల 30 లక్షలు. వారిలో చాలామందికి అక్షరం ముక్క రాదు. అందుకని ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క డబ్బా పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. ఓటరు తనకు నచ్చిన గుర్తు ఉన్న డబ్బాలో కాగితం వేసి రావాలి. అప్పుడు మన ఆలంపూర్ హైదరాబాదు రాష్ట్రంలోని రాయచూరు జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఆలంపూర్, గద్వాల తాలూకాలను మహబూబ్‌నగర్ జిల్లాలో కలిపారు. 2016లో జోగుళాంబ గద్వాల జిల్లా అయింది. ఊరు ఉన్నచోటనే ఉంది, జిల్లాలూ రాష్ట్రాలూ మారాయి. వాటన్నిటిలోనూ మనతో వచ్చింది ఆ ఓటర్ల జాబితాలోని పేరే.

ఆ మొదటి ఎన్నికల నాటి ఒక సంగతి మన తల్లులు ప్రత్యేకంగా వినాలి. జాబితా రాసేవాళ్ళు ఇంటింటికీ వెళ్ళినప్పుడు చాలామంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. "ఫలానా ఆయన భార్య", "ఫలానా వాని తల్లి" అని మాత్రమే రాయించారు. అప్పటి ఎన్నికల ప్రధాన కమిషనరు సుకుమార్ సేన్‌గారు, సొంత పేరు లేకుండా ఓటు కుదరదన్నారు. దాంతో దేశం మొత్తంమీద సుమారు 28 లక్షల మంది స్త్రీల నమోదులు జాబితాలోనుంచి పోయాయి. వాళ్ళేమీ తప్పు చేయలేదు. బయటివాళ్ళకు పేరు చెప్పడం మర్యాద కాదనుకున్నారు, అంతే. ఆ మర్యాద వాళ్ళ ఓటును తినేసింది. అప్పటినుంచీ నియమం ఒకటే: ఓటు మనిషికి ఇస్తారు, ఇంటికి కాదు. ప్రతి మనిషికీ తన పేరుండాలి.

పేరు దగ్గర వచ్చే చిక్కులు

మన పేర్ల సంగతి మీకు తెలిసిందే. ఇంట్లో ఉర్దూలో పిలుస్తాం, బడిలో తెలుగులో రాస్తారు, కార్డు మీద ఇంగ్లీషులో అచ్చవుతుంది. ఒక మెట్టు దిగేసరికి ఒక అక్షరం మారిపోతుంది. మహమ్మద్ ఒకచోట మొహమ్మద్, ఇంకొకచోట ముహమ్మద్, మరొకచోట ఉత్త 'ఎండీ'. ఖ్వాజా కాస్తా ఖాజా, కాజా అవుతాడు. హుసేన్, హుస్సేన్, ఉసేన్ ముగ్గురూ ఒక్కడే అని మనకు తెలుసు గాని, కంప్యూటరుకు తెలియదు. ఆడవాళ్ళకు పెళ్ళికి ముందు 'బీ', పెళ్ళయ్యాక 'బేగం'. తండ్రి పేరు ఉండాల్సినచోట భర్త పేరు, భర్త పేరు ఉండాల్సినచోట మామగారి పేరు.

చిన్న అక్షరదోషం ఉన్నంత మాత్రాన పోలింగు రోజున ఓటు పోదు. మనిషి ఎవరో రుజువైతే అటువంటి చిన్న తేడాలు పట్టించుకోరాదని పోలింగు అధికారులకు సూచనలు ఉన్నాయి. అయినా దిద్దించుకోవడమే మంచిది. ఎందుకంటే జాబితాలు తిరిగి సవరించేటప్పుడు, పాత జాబితాతో కొత్త జాబితాను సరిపోల్చేటప్పుడు, ఈ తేడాలే అడ్డం వస్తాయి. 2025లో బీహారు రాష్ట్రంలో జాబితాను సమూలంగా సవరించారు. ఆగస్టు 1న ముసాయిదా వెలువడినప్పుడు అంతకుముందున్న పేర్లలో సుమారు 65 లక్షలు అందులో లేవు. చనిపోయినవారు, వలస పోయినవారు, రెండుచోట్ల పేరున్నవారు అని కారణాలు చెప్పారు. ఆ పేర్లను కారణాలతో సహా ప్రకటించమని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ సవరణ మంచిచెడ్డల చర్చ ఇక్కడ వద్దు. మనం నేర్చుకోవలసింది ఒక్కటే: ముసాయిదా వచ్చిన నాడు చూసుకున్నవానికి దిద్దుకునే వ్యవధి ఉంటుంది. పోలింగు రోజున చూసుకున్నవానికి ఏడుపు తప్ప ఏమీ మిగలదు.

మన ఊరికి ఇంకొక చిక్కు ఉంది. నది దాటితే కర్నూలు. మన బేరసారాలు, ఆసుపత్రులు, సంబంధాలు అన్నీ కర్నూలుతోనే. 2014 జూన్ 2 తరువాత అది వేరే రాష్ట్రం అయింది. అక్కడి పిల్ల ఇక్కడికి కోడలుగా వస్తుంది. పుట్టింట్లో పేరు ఉండనే ఉంటుంది, ఇక్కడ కొత్తగా రాయిస్తాం. ఇక్కడి కుర్రవాడు అక్కడ దుకాణం పెట్టుకుంటాడు, రెండుచోట్లా పేరు ఉంచుకుంటాడు. "ఉంటే ఉండనీలే, ఏం పోతుంది?" అంటాం. చట్టం ఒప్పుకోదు. ఒక మనిషి పేరు ఒకేచోట ఉండాలి. తెలిసి అబద్ధపు ప్రకటన చేస్తే ఏడాదిదాకా జైలుశిక్ష పడవచ్చు. అంతకన్నా పెద్ద నష్టం ఏమిటంటే, రెండుచోట్ల ఉన్న పేరు చివరికి రెండుచోట్లా సందేహంలో పడుతుంది.

అట్లాగే ఇల్లు మారినవాళ్ళు. శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్ళవాళ్ళు, 2009 అక్టోబరు వరదల్లో ఇళ్ళు పోయి రాజోలిలోనూ ఆలంపూర్ చుట్టుపక్కలా వేరేచోట్లకు చేరినవాళ్ళు మనలో ఉన్నారు. ఇల్లు మారినప్పుడు మనం సామాన్లు లెక్కబెట్టుకుంటాం, గిన్నెలు చెంబులు లెక్కబెట్టుకుంటాం. ఓటు కూడా ఆ లెక్కలోకి రావాలి.

ఇక చేయవలసిన పని. కొత్తగా పేరు చేర్చడానికి ఫారం 6. తప్పు దిద్దడానికి, ఇల్లు మారినప్పుడు పేరు మార్చుకోవడానికి ఫారం 8. చనిపోయినవారి పేరు తీసివేయడానికి, తప్పుడు పేరు మీద అభ్యంతరం చెప్పడానికి ఫారం 7. వీటిని మన పోలింగు కేంద్రానికి చెందిన బూత్ స్థాయి అధికారికి గాని, తహసీల్దారు కార్యాలయంలో గాని ఇవ్వవచ్చు. ఫోనులోనూ నింపవచ్చు. ఏ సందేహం ఉన్నా 1950 నంబరుకు ఫోను చేయవచ్చు. ఒకప్పుడు జనవరి 1 నాటికి 18 నిండినవారికే ఆ ఏడు అవకాశం ఉండేది. 2022 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 అని నాలుగు తేదీలు వచ్చాయి. 17 నిండిన పిల్లలు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉన్న పేరును తీసివేసేముందు ఆ మనిషికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అన్యాయంగా తీసివేశారనిపిస్తే జిల్లా కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. ఒక్క సంగతి మరువకండి. నామినేషన్ల చివరి తేదీ దాటితే ఆ ఎన్నికకు ఇక కొత్త పేర్లు చేరవు. ఎన్నికలు ప్రకటించిన తరువాత పరుగెత్తితే అందుకోవడం కష్టం.

రిజర్వుడు సీటులో మనకేం పని?

ఇప్పుడు మొదటి మాటకు వస్తాను. 2008 నాటి పునర్విభజనతో ఆలంపూర్ శాసనసభ స్థానం షెడ్యూల్డు కులాలవారికి కేటాయింపు అయింది. 2009 నుంచి ఆ పద్ధతిలోనే ఎన్నికలు జరుగుతున్నాయి. మనం ఓటు వేసే నాగర్‌కర్నూలు లోక్‌సభ స్థానం కూడా రిజర్వుడే. రిజర్వేషను నియమం అభ్యర్థికి మాత్రమే. ఓటరుకు ఏ నియమమూ లేదు. నియోజకవర్గంలోని ప్రతి ఓటరూ వేస్తాడు. ఇందాక చెప్పిన ప్రత్యేక నియోజకవర్గాలకూ దీనికీ తేడా అదే. ఇక్కడ నిలబడినవారు అన్ని వాడలకూ రావాలి, అందరి గడపా తొక్కాలి. తరతరాలుగా ఊరి చివర ఉంచబడినవారికి అసెంబ్లీలో చోటు దొరకడం న్యాయం. అందులో మనం పోగొట్టుకున్నది ఏమీ లేదు.

ఆలంపూర్ ఓటరు సంగతి చూడండి. 2009లో అబ్రహాంగారిని గెలిపించాడు. 2014లో సంపత్‌కుమార్‌గారిని పంపాడు. 2018లో మళ్ళీ అబ్రహాంగారిని పిలిచాడు. 2023లో విజయుడుగారిని ఎన్నుకున్నాడు. నాలుగు ఎన్నికల్లో ఏ ఒక్కరినీ వరుసగా రెండుసార్లు ఉంచలేదు. అది మంచా చెడా అని నేను అనడంలేదు. రిజర్వుడు సీటులో ఓటరుకు పనిలేదనే మాటకు మాత్రం ఇది జవాబు.

మున్సిపాలిటీ, పంచాయతీ ఎన్నికల్లో వార్డులవారీగా రిజర్వేషన్లు మారుతుంటాయి. అక్కడ 21 ఏళ్ళు నిండి, ఆ వార్డు రిజర్వేషనుకు తగినవారైతే మనవాళ్ళూ నిలబడవచ్చు. మన వీధి మోరీ, మన నల్లా, మన దీపం అన్నీ ఆ ఎన్నికలతోనే ముడిపడి ఉన్నాయి. దురదృష్టవశాత్తూ మనం పెద్ద ఎన్నికలకు గొంతు చించుకొని అరుస్తాం, చిన్న ఎన్నికలకు నిద్రపోతాం.

ఒక్క ఓటుతో ఏమవుతుంది?

"లక్షల ఓట్లలో నా ఒక్క ఓటు ఎంత?" అనేవారున్నారు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణగారు గెలిచింది 9 ఓట్ల తేడాతో. లక్షల ఓట్లు పోలైన చోట తొమ్మిదే. ఒక పెద్ద కుటుంబం పెళ్ళికని ఊరు వెళ్ళి ఉంటే ఆ ఫలితం మారిపోయేదేమో. అంత దూరం ఎందుకు, 2024లో మన పక్కనున్న మహబూబ్‌నగర్ లోక్‌సభ స్థానంలో తేడా 4,500 ఓట్లు. ఏడు శాసనసభ నియోజకవర్గాలకు పంచితే ఒక్కొక్కదానికి 640 పైచిలుకు.

మన ఉమ్మడి పాలమూరు జిల్లాలో ఇంకొక ఉదాహరణ. 1989లో ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉండి హిందూపురంతోపాటు కల్వకుర్తిలోనూ పోటీ చేశారు. కల్వకుర్తి ఓటర్లు ఆయనను కాదని చిత్తరంజన్‌దాస్‌గారిని గెలిపించారు. అంతటి పేరున్న మనిషిని, అంతటి పదవిలో ఉన్న మనిషిని, ఎండకు మాడిన కూలివాడూ రైతూ కలిసి కాదనగలిగారు. ఆయన మీద నాకు గౌరవం తక్కువ కాదు. ఓటరు చేతిలోని బలం ఎంతటిదో చూపడానికి చెప్పాను.

ఓటుతో గెలిపించడం, ఓడించడమే కాదు, గోడు చెప్పుకోవడం కూడా చేశారు మన ప్రాంతంవారు. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడు నీళ్ళతో ఎముకలు వంగిపోతున్న పల్లెల బాధ ఢిల్లీకి వినబడాలని అంతమంది నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఆ తరువాత లోక్‌సభ డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. ఇప్పుడది 25,000. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరవ వంతు రాకపోతే డిపాజిట్టు పోతుంది. అయినా 2019లో నిజామాబాదులో 185 మంది నిలబడ్డారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులే.

పోలింగు బూత్‌లో

ఓటు యంత్రం గురించి మనలో చాలా అనుమానాలున్నాయి. అనుమానం ఉండటం తప్పు కాదు, తెలుసుకోకపోవడం తప్పు. పోలింగుకు ముందు అభ్యర్థుల ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు నమూనాగా వేసి, లెక్క సరిపోయిందని చూపి, తుడిచివేసి, సీలు వేస్తారు. మనం మీట నొక్కిన తరువాత పక్క పెట్టె అద్దంలో మనం వేసిన గుర్తున్న చీటీ ఏడు సెకన్లు కనబడుతుంది. అది చూసేదాకా కదలకండి. పోలింగు ముగిసిన తరువాత మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసిన కాగితం ఏజెంట్లకు ఇస్తారు. లెక్కింపులో ప్రతి శాసనసభ నియోజకవర్గానికి ఐదు బూత్‌ల చీటీలను తీసి యంత్రం లెక్కతో సరిచూస్తారు. కాబట్టి ఏజెంటుగా కూర్చునే కుర్రవాడు టీ తాగడానికి వెళ్ళకుండా, ఆ కాగితం తీసుకోకుండా ఇంటికి రాకుండా ఉంటే సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

స్థానిక ఎన్నికల్లో మన రాష్ట్రంలో 2019 పంచాయతీలకూ, 2020 మున్సిపాలిటీలకూ బ్యాలెట్ పేపరే వాడారు. అక్కడ ముద్ర ఒక్క గుర్తు గడిలోనే పడాలి. రెండు గడుల మీద పడినా, ముద్రకు బదులు వేలిముద్ర వేసినా ఆ ఓటు చెల్లదు. వృద్ధులకు ఇంట్లో ఒకసారి తెల్లకాగితం మీద చేసి చూపండి.

మనం వెళ్ళేసరికి మన ఓటు ఎవరో వేసి పోయారనుకోండి. చాలామంది తిట్టుకుంటూ తిరిగి వచ్చేస్తారు. రాకండి. మీరే ఆ మనిషి అని రుజువు చూపితే ప్రిసైడింగు అధికారి మీకు వేరే బ్యాలెట్ పేపరు ఇవ్వాలి. దాన్ని టెండర్డ్ ఓటు అంటారు. మామూలు లెక్కింపులో అది కలవదు గాని, దొంగ ఓటు పడిందనడానికి రుజువుగా రికార్డులో ఉంటుంది. ఓటు వేయడం ఇష్టం, అభ్యర్థులు ఎవరూ ఇష్టం లేదు అనేవారికి 2013 నుంచి 'పై వారెవరూ కాదు' అనే మీట కూడా ఉంది.

మొహల్లా ఓట్లు ఎవరివి?

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఇది కొందరికి కష్టంగా ఉండవచ్చు, పెద్దలు మన్నించాలి.

ఎన్నికలు దగ్గరికి వచ్చేసరికి అభ్యర్థి మనిషి ఒకడు మొహల్లాకు వస్తాడు. ఒక పెద్దమనిషి ఇంట్లో కూర్చుంటాడు. "చాచా, మీ వాడలో మూడు నూర్ల ఓట్లుంటాయి గదా, అన్నీ మాకే వేయించాల" అంటాడు. చాచా గడ్డం నిమురుకుని, "ఇన్‌షా అల్లా, మావాళ్ళు నా మాట దాటరు" అంటాడు. ఒకసారి షామియానా వస్తుంది, ఒకసారి మైకు సెట్టు వస్తుంది, ఒకసారి గోడకు సున్నం వస్తుంది. అందరం సంతోషిస్తాం.

దీన్ని ఒక్కసారి లెక్కవేసి చూద్దాం. మూడువందల మంది ఓట్లకు ఆ అభ్యర్థి ఎంతమందితో మాట్లాడాడు? ఒక్కరితో. గెలిచాక ఎంతమందికి జవాబు చెప్పుకోవాలి? ఒక్కరికి. అనగా మూడువందల ఓట్లు కాస్తా ఒక్క ఓటు అయిపోయాయి. ఇక ఎదుటి అభ్యర్థి ఏమనుకుంటాడు? "ఆ వాడ ఓట్లు ఎటూ మనకు రావు, అక్కడ తిరగడం దండగ" అనుకుంటాడు. గెలిచినవాడు షామియానాతో బాకీ తీరిందనుకుంటాడు, ఓడినవాడు మనలను మరిచిపోతాడు. మన వితంతువు పింఛను కాగితం, మన పిల్లవాని ఫీజు వాపసు మాత్రం ఐదేళ్ళూ ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. 1909లో చట్టం పెట్టి చేసిన గోడను మనమే మన చేతులతో మళ్ళీ కట్టుకున్నట్లు కాలేదా?

"అట్లయితే ఐకమత్యం వద్దంటావా?" అని అడగవచ్చు. కావాలి. తప్పకుండా కావాలి. కాని ఐకమత్యం చూపవలసింది ఓటు వేసేచోట కాదు, అడిగేచోట. అభ్యర్థులందరినీ ఒక్కొక్కరిగా పిలుద్దాం. అందరూ వినేట్లు మన ప్రశ్నలు అడుగుదాం. మన ప్రశ్నలంటే మనకొక్కరికే సంబంధించినవి అని కాదు. రాజోలిబండ మళ్ళింపు పథకం కింద మన ప్రాంతానికి 15.9 టీఎంసీల నీళ్ళు, 87,500 ఎకరాల సాగు అని కాగితం మీద ఉంది. కాలువ చివరి భూములకు ఆ నీళ్ళు ఎంతవరకు వచ్చాయో రైతులు చెబుతారు. చివరి ఎకరానికి నీళ్ళు రాకపోతే మన పొలమూ ఎండుతుంది, రెడ్డి పొలమూ ఎండుతుంది, బోయ పొలమూ ఎండుతుంది, మాదిగ పొలమూ ఎండుతుంది. అందరి తరఫునా ఆ ప్రశ్న మనం అడిగితే మనకెంత ఇజ్జత్! ఆ జవాబులన్నీ విన్న తరువాత బూత్‌లోకి మాత్రం ఎవరికివారే వెళదాం.

అందుకే చట్టం రహస్య ఓటును పెట్టింది. ఎవరికి ఓటు వేశావని ఎవరూ బలవంతంగా చెప్పించరాదు. భర్త భార్యను గాని, అత్త కోడలిని గాని, యజమాని జీతగాణ్ణి గాని, జమాత్ పెద్ద కుర్రవాణ్ణి గాని బలవంతపెట్టరాదు. తల్లులకు మనవి: భర్తతో కలిసి వెళ్ళండి, కలిసి తిరిగి రండి, వంట ఏం చేయాలో కలిసి మాట్లాడుకోండి. ఆ అట్ట మరుగున నిలబడ్డ ఒక్క నిమిషం మాత్రం మీ సొంతం. పరదా పాటించేవారు మొహం చూపే విషయంలో మహిళా సిబ్బందిని అడగవచ్చు. పరదా కారణంగా ఓటు మానుకోవలసిన అవసరమే లేదు.

ఇక డబ్బు. ఓటుకు డబ్బు ఇవ్వడం నేరమని అందరికీ తెలుసు. తీసుకోవడం కూడా నేరమే. "వాళ్ళు తిన్న డబ్బే గదా, తీసుకుంటే ఏం?" అంటారు. తీసుకున్న నాడే లెక్క ముగిసిపోతుంది. మరునాడు మోరీ పూడిపోయిందని అడగబోతే, "నీ ఓటు కొనుక్కున్నాం గదా" అని నోటితో అనకపోయినా మనసులో అనుకుంటాడు. మనమూ తలవంచుకొనే మాట్లాడతాం. అమానత్ అనే మాట మన ఇళ్ళలో చిన్నపిల్లలకూ తెలుసు. ఒకరు నమ్మి అప్పగించిన వస్తువును అమ్ముకునేవాణ్ణి మనం ఏమంటాం? ఓటు కూడా అటువంటి అమానతే. దాన్ని మన పిల్లల కోసం మన చేతిలో పెట్టారు.

ఓటు వేసిన తరువాత

వేలి మీద సిరా కొద్దివారాల్లో పోతుంది. మైసూరులో తయారయ్యే ఆ సిరాను 1962 నుంచి వాడుతున్నారు. సిరాతోపాటు మన బాధ్యత కూడా చెరిగిపోతోంది, అదే మన లోపం. ఓటరు పని ఐదేళ్ళకు ఒక్కరోజు కాదు. వార్డు సభకు, గ్రామసభకు వెళ్ళడం, ఇచ్చిన మాటలను రాసి ఉంచుకోవడం, 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో కాగితం అడగడం, ఇవన్నీ ఓటులో భాగమే. అభ్యర్థి ఆస్తులు, కేసులు, చదువు అన్నీ ఆయనే ప్రమాణం చేసి నామినేషనుతోపాటు ఇస్తాడు. దాన్ని ఎవరైనా చూడవచ్చు. సంబంధం చూసేటప్పుడు మూడు తరాలు విచారిస్తాం, ఐదేళ్ళు మనల్ని పాలించేవాని కాగితం ఒక్కటి చదవలేమా?

చివరగా మన సంఘానికి నాలుగు సూచనలు చేసి ముగిస్తాను. ఒకటి, ఏటా జాబితా ముసాయిదా వచ్చినప్పుడు సంఘం కార్యాలయంలో ఒక ఆదివారం బల్ల వేసి, చదువుకున్న పిల్లలను కూర్చోబెట్టి, వాడవాడవారీగా పేర్లు చదివించాలి. మనవారివే కాదు, వీధిలో ఉన్న అందరివీ. రెండు, ఆ ఏడు 18 నిండే పిల్లల పేర్లు స్కాలర్‌షిప్పు రిజిస్టరులోనే తెలుస్తాయి గనుక, వారిచేత అక్కడికక్కడే ఫారం 6 నింపించాలి. మూడు, కొత్త కోడళ్ళ పేర్లు పుట్టింటి ఊరినుంచి మార్పించే పని ఆడపిల్లల కమిటీ ఒకటి తీసుకోవాలి. నాలుగు, సంఘం పేరుతో గాని, మొహల్లా పేరుతో గాని ఎవరికీ ఓట్లు వాగ్దానం చేయరాదని ఈ సభ తీర్మానం చేయాలి. ఈ నాలుగవదాని మీద చర్చ జరగాలని నా కోరిక. కాదనేవారు కూడా లేచి చెప్పాలి. చేతులెత్తి తేల్చుకుందాం. ప్రజాస్వామ్యం అంటే అదే గదా.

 ఇంటికి వెళ్ళాక కార్డులు బయటికి తీయండి. ఇంట్లో ఉన్న పెద్దవారందరి పేర్లూ జాబితాతో సరిచూడండి. ముఖ్యంగా మీ అమ్మ పేరు ఆమె చెప్పుకునే తీరులోనే ఉందో లేదో ఆమెనే అడగండి.

ఖుదా హాఫిజ్. జై హింద్.